ఊడవని ఇల్లు

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా వీధికి చెత్తబండి వచ్చే వేళ మారింది. అంతకుముందు బాగా పొద్దెక్కాక వచ్చేది. శ్రావణం నుంచి, మా కోడలు ఉషశ్రీ బాపట్ల రైలుకి బయల్దేరి ఇటు మలుపు తిరిగిందో లేదో, అటు మలుపులోంచి పాట పెట్టుకుని బండి వచ్చేసేది. తెనాలిలో మిగతా వాళ్ళకు అది పెద్ద విషయం కాదు. మా ఇంట్లో మాత్రం ఆ పాట వినగానే చెత్త బకెట్లు ఇంకా లోపలికి జరిపేదాన్ని.

మనిషి గడప దాటిన వెంటనే ఇల్లు ఊడవకూడదు. చెత్త బయటికి పంపకూడదు. ఇది నేను పెట్టిన నియమం కాదు. మా అమ్మా ఊడవలేదు, మా అత్తగారూ ఊడవలేదు. శవాన్ని లేపాకే వెనకాల ఊడుస్తారు, ఇక ఆ మనిషి తిరిగి రాడు కాబట్టి. బతికున్నవాళ్ళు ప్రయాణమై వెళ్తే, క్షేమంగా చేరారన్న కబురు వచ్చేదాకా చీపురు మూలనే ఉండాలి. పూర్వం ఈపాటికి చేరి ఉంటారులే అని ఒక అంచనా వేసుకునేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లున్నాయి కాబట్టి నేను ఫోను కోసం ఆగుతాను.

ఉష వెళ్ళాక వరండా మెట్టు మీద కూర్చుని, ఆ రైలుతో పాటు నేనూ మనసులో వెళ్ళేదాన్ని. చుండూరు దాటి ఉంటుంది. నిడుబ్రోలులో పొన్నూరు జనం ఎక్కుతుంటారు, తోపులాటలో తలుపు దగ్గర నిలబడిందేమో. అప్పికట్ల వచ్చి ఉంటుంది. ఇంకా మోగదేం? సిగ్నలు లేదా? అప్పుడు మోగేది. "దిగానత్తయ్యా," అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. నేను లేచి చీపురు పట్టుకునేదాన్ని.

బండితో కృపారాణి వచ్చేది. ఆకుపచ్చ కోటు, నోట్లో విజిలు. గేటు దగ్గర నిలబడి పిలిచేది.

"మామ్మగారూ, బకెట్లు!"

"ఇప్పుడే మనిషి బయటికెళ్ళిందమ్మా. కాసేపాగి రా."

"నేనాగితే బండి ఆగదు, బండి ఆగితే డ్రైవరు ఆగడు. నిన్నటిది కూడా లోపలే పెట్టుకున్నారు, ఇక్కడిదాకా కంపు కొడతంది. ఇచ్చేయండి మామ్మగారూ."

"కొట్టనీ."

"మా ఇంట్లో నేను కాలు బయటపెట్టడం ఆలస్యం, మా అత్త చీపురు తీసుద్ది. పెళ్ళైన కాడ్నించీ ఊడుస్తానే ఉంది. సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ ఊడిపడతా నేను. ఆమె ఊడుపుకి పోయేదాన్నయితే ఎప్పుడో పోదును!"

నాకు నవ్వొచ్చింది. నవ్వాను గానీ బకెట్ ఇవ్వలేదు. నవ్వుకుంటూనే పక్కింటికి వెళ్ళింది కృపారాణి.

ఆమె అత్తకు ఏం తెలుసు? నన్ను విడిచి వెళ్ళినవాళ్ళెవరూ వెళ్తున్నామని చెప్పి వెళ్ళలేదు. అందరూ వెళ్ళొస్తామనే వెళ్ళారు. మా ఆయన గుంటూరు ఆసుపత్రికి నవ్వుతూ కారెక్కాడు. మూడేళ్ళ కిందట మా అబ్బాయి మనోజ్ రేపల్లెకి మోటారుసైకిలు మీద బయల్దేరాడు. నేను అప్పుడు రేపల్లెలో మా అక్క అంకమ్మ ఇంట్లో ఉన్నాను. నన్ను తీసుకురావడానికే వస్తున్నాడు. సంచి సర్దుకుని, తల దువ్వుకుని అక్క వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. కూర్చునే ఉన్నాను. భట్టిప్రోలు దాటాక లారీ గుద్దిందని ఎవరో వచ్చి నాతో కాదు, మా అక్కతో చెప్పారు.

అప్పటికి వాడికి పెళ్ళయి రెండో ఏడు. ఉష వాళ్ళది ఈపురుపాలెం, మగ్గాల ఇల్లు. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నారు. తను వెళ్ళలేదు. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. బాపట్లలో ఒక వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని ఇంటింటికీ తిరిగి చెప్పడమే పని. సాయంత్రం ఆ కరపత్రాలు ఇంటికి తెచ్చేది. నాకు చదువు బడిలో రాలేదు, కొట్టు నుంచి వచ్చే పొట్లాల కాగితాల మీద వచ్చింది. అందుకని ఏ కాగితం కనపడ్డా మొదలూ చివరా లేకపోయినా చదువుతాను. ఆ కరపత్రాలన్నీ నాకు కంఠతా వచ్చాయి. ఉష చెప్పినట్టే ఆకుపచ్చ బకెట్లో తడివి, నీలం బకెట్లో పొడివి వేసేదాన్ని. వేరు చేయడంలో నాతో ఏ పేచీ లేదు. ఇంట్లోంచి పంపడం దగ్గరే.

రైలు చేరేసరికి బండి వెళ్ళిపోయి ఉండేది. తడి చెత్త ఎన్నాళ్ళని ఉంచుకుంటాను? అరటి తొక్కలు, చేప పొలుసులు. ఒక రోజు ఉష ఫోను వచ్చాక ఒక కవరు మూటగట్టి, కొంగు చాటున పట్టుకెళ్ళి వీధి చివర కాలవ కల్వర్టు పక్కన పెట్టి వచ్చాను.

ఆ మూలకు ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు అక్కడ మోకాలెత్తు చెత్త ఉండేది. మా ఎదురింటి దక్షిణామూర్తిగారు, సంస్కృతం మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఆయన పూనుకుని వీధివాళ్ళందరి చేతా ఎత్తించి, మున్సిపాలిటీ వాళ్ళ చేత సున్నం కొట్టించి, నందివర్ధనం మొక్కలు పెట్టించారు. ఇక్కడ చెత్త వేయరాదని బోర్డు. ఆ బోర్డు చదువుతూనే దాని కింద నా కవరు పెట్టాను.

మర్నాడు వెళ్తే అక్కడ ఇంకా కవర్లు ఉన్నాయి. నన్ను చూసి వేశారనుకున్నాను. పెద్దావిడే వేస్తుంటే మనదేముందిలే అనుకుని ఉంటారు. రోజురోజుకీ పెరిగాయి. వినాయకచవితి వెళ్ళాక పెద్ద వాన పడింది. కవర్లన్నీ కల్వర్టు నోట్లో అడ్డం పడి, కాలవ నీళ్ళు వీధిలోకి ఎదురెక్కాయి. మాస్టారి వరండాలో వాళ్ళమ్మాయి శ్రీవిద్య పుస్తకాలు అట్టపెట్టెతో సహా తడిసిపోయాయి.

వాన వెలిశాక ఆయన పంచె ఎగ్గట్టుకుని నీళ్ళలోనే మా గేటు దగ్గరికి వచ్చారు.

"అమ్మా సామ్రాజ్యమ్మగారూ, మూల మీద బోర్డు ఉంది, చూశారా?"

"చూశానండి. చదివాను కూడా."

"చదివీ వేశారా?"

"బండి వచ్చే వేళకి నాకు వీలవదండి."

"ఇంట్లోనే ఉంటారు కదండీ. వీలవకపోవడమేంటి?"

ఏం చెప్పను? చెబితే, ఇది ఏ శాస్త్రంలో ఉందమ్మా అని అడుగుతారు. శాస్త్రాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. నా దగ్గర భయం ఒక్కటే ఉంది. తల దించుకున్నాను. ఆయన వచ్చిన నీళ్ళలోనే వెనక్కి వెళ్ళిపోయారు. అయితే ఆ ముందు రోజే కుప్పకి ఫొటో తీసి వీధి గ్రూపులో పెట్టారట. పేరు రాయలేదు. కానీ అందులో వంగి కవరు పెడుతున్న ముసలామె వీపు ఉంది. అది ఈ ఫోనూ ఆ ఫోనూ దాటి బాపట్లలో ఉష పనిచేసే చోటికి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఉష వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఫోను నా ముందు పెట్టింది.

"ఇది మీరే కదా అత్తయ్యా?"

"నేనే."

"చీర బాగా పడింది," అంది.

నేను నవ్వలేకపోయాను. తను వెళ్ళి అన్నాలు వడ్డించింది. నాకు చారు పోస్తూ, గిన్నె వంక చూస్తూ అంది.

"బాపట్లలో ఒక గది చూశానత్తయ్యా. వచ్చే నెల నుంచి అక్కడ ఉందామనుకుంటున్నా. వారం వారం వస్తాను."

"ఎందుకే?"

"రోజూ రైలు. వానలు. కష్టంగా ఉంది."

ఇన్నాళ్ళుగా లేని కష్టం ఇప్పుడు వచ్చిందంటే ఆ ఫొటో వల్లే వచ్చింది. ఊరందరికీ నీతులు చెప్పే పిల్లకి ఇంట్లో నేను తలవంపులు తెచ్చాను.  ఉష కూడా వెళ్ళిపోతే ఆ వరండా మెట్టు మీద కూర్చుని నేను ఎవరి రైలుతో వెళ్ళాలి?

మర్నాడు దిగానని తను ఫోను చేశాక నేను చీపురు పట్టుకోలేదు. చెప్పులేసుకుని మా వార్డు ఆఫీసుకి వెళ్ళాను. శానిటరీ ఇన్‌స్పెక్టరు మోహనకృష్ణ అని, మా మనోజ్ కన్నా చిన్నవాడు. కుర్చీ చూపించాడు.

"చెప్పండమ్మా, ఏంటి పని?"

"మా వీధికి చెత్తబండి ఆలస్యంగా రావాలి బాబూ."

"ముందుగా రావాలని అడిగేవాళ్ళే గానీ ఆలస్యంగా రమ్మన్నవాళ్ళు లేరమ్మా. ఎందుకు?"

దారంతా వేరే కారణం వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నది చెప్పాను. కోడలు రైలు దిగేదాకా చెత్త బయటికి పంపలేనని. చెబుతుంటే నా గొంతు నాకే పిల్లకాయ గొంతులా వినపడింది. నవ్వుతాడని ఎదురుచూశాను. అతను పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"ఒక్క ఇంటి కోసం బండి దారి మార్చలేనమ్మా. మీ వీధి వీధంతా కావాలంటే, మిమ్మల్ని చివర్లో పెట్టగలను. పిల్లలంతా స్కూళ్ళకీ కాలేజీలకీ చేరాక. కానీ ఒక మాట. అప్పుడిక ఆ మూల మీద ఒక్క కవరు కనపడకూడదు. బండి తేవడం మా పూచీ. మూల కాపాడుకోవడం మీ పూచీ. ఒప్పుకుంటారా మీ వీధివాళ్ళు?"

"అడుగుతాను బాబూ," అన్నాను.

అనేశాను గానీ, కుప్ప పెట్టినదాన్ని నేనే, ఏ మొహంతో గుమ్మాలెక్కను? ముందు మాస్టారింటికే వెళ్ళాను. ఆయన భార్య కనకలక్ష్మి గారు వరండాలో తడిసిన పుస్తకాలు ఒక్కో పుటా విడదీస్తున్నారు. నన్ను చూసి పక్కకు జరిగారు.

"కూర్చోండి వదినగారూ."

"కూర్చోడానికి రాలేదండి. క్షమించమని అడగడానికీ, ఇంకో మాట అడగడానికీ వచ్చాను." బండి సంగతి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

ఆవిడ లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"శ్రీవిద్య వడ్లమూడి కాలేజీ బస్సెక్కుతుందా, అది చేరానని మెసేజి పెట్టేదాకా నేనూ చెత్త ఇవ్వనండి. బండి వెళ్ళిపోతుంది. ఆయన పూజలో ఉన్నప్పుడు తీసుకెళ్ళి..." మూల వైపు గడ్డం ఎత్తి చూపించారు.

"మీరా?"

"మీకన్నా ముందు నుంచే."

లోపల్నుంచి మాస్టారి గొంతు వచ్చింది. "ఏంటేంటీ? అమ్మాయి వెళ్ళాక వరండా ఊడవవేమే అంటే నడుం నొప్పి అన్నావు కదా!"

"నడుం నొప్పేనండీ. రోజూ ఆ వేళకే వస్తుంది!" అన్నారావిడ, గట్టిగా.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆవిడ వంకా నా వంకా, తడిసిన పుస్తకాల వంకా చూశారు. శాస్త్రం మాట ఎత్తలేదు. "నేను ఊరికి వెళ్తే కూడా ఊడవవా?" అని మాత్రం అడిగారు. "మీరు వెళ్తే అసలే ఊడవను," అన్నారావిడ, తల ఎత్తకుండా.

అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి తిరిగాం. కొడుకు విజయవాడ బస్సెక్కే ఇల్లు, భర్త గుంటూరు మిల్లుకెళ్ళే ఇల్లు. ఒకరు ముందే ఒప్పుకున్నారు, ఒకరు మా అత్తగారి చాదస్తమండి అని అత్తగారి మీద పెట్టారు. నేను మొదలుపెట్టాననుకున్న కుప్పలో ఎవరి భయం వాళ్ళు తెచ్చి పెట్టుకున్నదే ఉంది. ఆ ఆదివారం అందరం కల్వర్టు దగ్గర దిగాం. కృపారాణి కర్రతో కవర్లు లాగుతూ, "ఇదిగో మామ్మగారిది, ఇదిగో మాస్టారమ్మగారిది," అని ఏడిపించింది. ఆ సోమవారం నుంచి బండి మా వీధికి ఆఖరున వచ్చింది. మూల మీద కవరు పడలేదు.

నా గుండెల మీద బరువు దిగింది. ఉష సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత దగ్గర్నుంచి, నడుం నొప్పి దాకా. తను నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం చేశాను.

"ఇంకెవరూ ఫొటోలు తీయరులే. గదివాళ్ళకి వద్దని చెప్పెయ్."

ఉష మడతపెడుతున్న తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది.

"చెత్త గురించి కాదత్తయ్యా."

"మరి?"

"ఆ రోజు నేను ఊడ్చాను."

"ఏ రోజు?" అన్నాను. ఏ రోజో నాకు తెలిసిపోయింది.

"మీరు రేపల్లెలో ఉన్నారు. ఆయన బండి స్టార్ట్ చేశారు, వీధి దాటను కూడా దాటలేదు. ముందు రోజు పాలు ఒలికి వరండా అంతా చీమలు పట్టాయి. చీపురు తీశాను. ఆయన వెనక్కి తిరిగి, అప్పుడేనా అని నవ్వారు." తువ్వాలు అంచు వేళ్ళతో సరిచేసింది. "తర్వాత మీరొచ్చారు. నేను వెళ్తే మీరు చీపురు ముట్టుకోకుండా మెట్టు మీద కూర్చుంటారు. రోజూ. మీకు తెలిసిపోయిందనుకున్నాను. ఒక్క మాట అనలేదు మీరు. అన్నా బాగుండేది. వీధిలో నడుస్తుంటే నా వీపు మీద మీ చూపు తెలుస్తూనే ఉంటుంది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. తను క్షేమంగా చేరాలనే కూర్చున్నాను. తనేమో ప్రతి పొద్దునా ఆ మెట్టు మీద తనని నిందిస్తున్న మనిషిని చూసింది.

ఊడిస్తే పోతారటే ఎవరైనా, అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. మూడేళ్ళు చీపురు మూలన పెట్టి కూర్చున్నదాన్ని, ఆ భయం కోసమే వీధంతా తిరిగి బండి దారి మార్పించినదాన్ని, ఆ మాట నేనంటే ఎవరు నమ్ముతారు? నాకే దాని మీద నమ్మకం లేదు.

"చీమలు పడితే ఊడవక ఏం చేస్తావ్," అన్నాను.

 ఉష తువ్వాలు మడతపెట్టి దొంతి మీద పెట్టింది.

తను వెళ్ళే రోజు ముసురుగా ఉంది. వాకిట్లో ఆటో ఆగింది. రెండు బ్యాగులు, ఒక పరుపు చుట్ట, నేను పెట్టిన గోంగూర పచ్చడి సీసా. కనకలక్ష్మిగారు ఎదురు గుమ్మంలో నిలబడ్డారు. ఉష నా కాళ్ళకి దణ్ణం పెట్టి లేచింది.

"వెళ్ళొస్తానత్తయ్యా."

"మంచిది."

ఆటోలో కూర్చుంది. డ్రైవరు హ్యాండిలు లాగుతున్నాడు. నేను లోపలికి వెళ్ళాను. చీపురు తీసుకుని వరండాలోకి వచ్చాను.  రెండు చేతులతో పట్టుకున్నాను. వంగి ఊడవడం మొదలుపెట్టాను.

"వదినగారూ!" ఎదురింట్లోంచి కేక. "అయ్యో, అదేంటండీ! ఇంకా ఆటో కూడా కదల్లేదు!"

నేను తల ఎత్తలేదు. గుమ్మం దగ్గర్నుంచి మెట్ల మీదుగా వాకిట్లోకి ఊడుస్తూనే ఉన్నాను. ఎండుటాకులు, బియ్యపు తవుడు, ఉష జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు ఒకటి. దాన్ని ఏరి దాచాలనిపించింది. దాచలేదు. అన్నిటితో పాటు చేటలోకి ఎత్తాను. గేటు దాకా వచ్చాక నడుం నిలబెట్టి చూశాను.

ఆటో కదిలి, వీధి మధ్యలో ఆగి ఉంది. ఉష బయటికి వంగి నన్నే చూస్తోంది. నా చేతిలో చేట, చంకలో చీపురు. ఎంతసేపో చూసింది. నేను ఇక వెళ్ళమన్నట్టు తల ఊపాను. ఆటో మలుపు తిరిగింది.

లోపలికి వచ్చి కూర్చున్నాను. ఇల్లు శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా ఆ వేళప్పుడు నా ఇల్లు ఇంతకు ముందు రెండుసార్లే ఉంది, రెండుసార్లూ పాడె లేచాకే. చుండూరు. గోడ మీద మనోజ్ ఫొటో వైపు చూడలేకపోయాను. నిడుబ్రోలు. ఏం చేశాను నేను? అప్పికట్ల దాటి ఉండాలి. దాటి ఉండాలి. ఫోను ఒళ్ళో బండరాయిలా పడి ఉంది. బయట ఆఖరున రావలసిన బండి పాట కూడా వినపడింది, కృపారాణి పిలిచింది, పిలిచి వెళ్ళిపోయింది.

మోగింది.

"దిగానత్తయ్యా."

"ఊఁ."

"ఊడ్చారు మీరు."

"ఊడ్చాను."

అటు వైపు స్టేషను గోల. ఆ గోలలో ఏదో సన్నటి చప్పుడు. కాసేపటికి గానీ అది ఏడుపని నాకు తెలియలేదు. మనోజ్ పోయినప్పుడు కూడా నా ఎదట ఏడవని పిల్ల. ఫోను పెట్టెయ్యలేదు. తను ఆగేదాకా చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఉష శనివారం సాయంత్రం వస్తుంది, సోమవారం పొద్దున వెళ్తుంది. వెళ్ళేటప్పుడు తను చూస్తుండగానే ఊడుస్తాను. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతాను. తర్వాత తలుపు వేసుకుని, రైలు అప్పికట్ల దాటేదాకా వణుకుతూ కూర్చుంటాను. ఆ సంగతి తనకి తెలియనక్కర్లేదు.